సంపూర్ణమ్మ చెప్పిన సాక్ష్యం

...అయినా నూరుమందిలో ఆ ఒక్కరు ఎవరో ముందే తెలిస్తే ఇంక లెక్కతో పనేముంది, మిగిలినవాళ్ళందరినీ ఇంటికెళ్ళి పడుకోమనవచ్చు, అనుకుంటూ కృపారాణి రెండో చరణం దగ్గర నోరు తెరిచింది. శబ్దం రాలేదు. రానివ్వలేదు. మందిరంలో పాటలు పాడే ఆ క్వయరులో అటూ ఇటూ నిలబడిన ఆడవాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు. పై స్థాయికి వెళ్ళే చోట ఊపిరి బిగబట్టాలి. బిగబడితే తలలోకి ఒత్తిడి వెళుతుంది. వెళితే, అన్న చోట ఆమె ఆలోచన ప్రతిసారీ ఆగిపోతుంది. కొన్ని వారాలుగా ఆమె పెదవులు మాత్రమే ఆడిస్తోంది. ఎవరూ గమనించలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ క్వయరుకు తన గొంతే ఆధారమని ఆమె నమ్మకం. ఆ గొంతు లేకపోయినా పాట తన దారిన తాను వెళ్ళిపోతోంది. ఇందుకు బాధపడాలనిపించింది గానీ, బాధపడడానికి కావలసిన ఓపిక దొరకలేదు.

ఆ రోజు కోతల పండగ. కడియం దగ్గర ఆ చిన్న లూథరన్ మందిరంలో వేదిక చుట్టూ చెరుకుగడలు నిలబెట్టి వరికంకులు కట్టారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చారు. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, నర్సరీలవాళ్ళయితే కుండీల్లో పూలమొక్కలు. ఆరాధన తర్వాత భోజనాలు, భోజనాల తర్వాత వీటన్నిటికీ వేలంపాట. కృపారాణి అత్తగారు సంపూర్ణమ్మ ఒక చక్రకేళి అరటిగెల తెప్పించి వేదిక మెట్టు మీద పెట్టించింది. కోడలి తలలో జబ్బును దేవుడు తీసేసినందుకు కృతజ్ఞతగా.

జబ్బు పోలేదు. అది క్వయరులో కృపారాణితోపాటే నిలబడి ఉంది.

దాన్ని ఎవరూ వెతకలేదు. కృపారాణి హైస్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతి గదిలో బోర్డు వైపు తిరుగుతుంటే ఒకరోజు కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది. చెవిలో తేడా వల్ల అన్నారు, మాత్రలతో తగ్గిపోయింది కూడా. ఎందుకైనా మంచిదని రాజమండ్రిలో తీయించిన స్కానులో మాత్రం చెవికి సంబంధం లేని చోట, మెదడు అడుగున ఒక రక్తనాళం మీద కందిగింజంత ఉబ్బు కనిపించింది.

"సైకిల్ ట్యూబు మీద ఒక్కోచోట బుగ్గలా లేస్తుంది చూశారా మేడం, అలాంటిది," అన్నాడు డాక్టర్ సుధాకర్. చిన్న వయసువాడు. మాట్లాడేటప్పుడు తెర వైపు కాకుండా మనిషి వైపు చూసేవాడు. "అక్కడ గోడ పల్చబడింది. పగల్లేదు. ఎప్పటికీ పగలకపోవచ్చు కూడా."

"పగిలితే?"

"అప్పుడు మాట్లాడుకునే టైం ఉండదండి. అందుకే ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం."

మూడు దారులు చెప్పాడు. ఒకటి, దాన్ని ముట్టుకోకుండా చూస్తూ ఉండడం. బీపీ అదుపులో పెట్టుకుని ఏడాదికోసారి స్కాను తీయించుకోవడం. రెండోది, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని తలదాకా పంపి, ఆ ఉబ్బు లోపల తీగచుట్ట నింపేయడం. మూడోది, తల తెరిచి ఉబ్బు మొదలు దగ్గర చిన్న క్లిప్పు బిగించేయడం.

"వీటిలో ఏది మంచిదండి?" అని అడిగాడు కృపారాణి భర్త శాంతికుమార్.

"ఒకదాన్ని మంచిదని చెప్పగలిగితే మూడు చెప్పనండి. ఊరుకుంటే ఏడాదికి నూటికి ఒకరికి పగులుతుందనుకోండి. ఇంకా తక్కువే కావచ్చు. కానీ ఆ లెక్క ఏటా ఉంటుంది. ఆపరేషన్ అంటే రిస్కంతా దాదాపు ముందే వచ్చేస్తుంది. కొద్దిమందికి మాటో, కాలో చెయ్యో దెబ్బతింటాయి. ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు, అబద్ధం చెప్పను. తీగ నింపడం ఒంటికి తేలిక. కానీ మేడంగారిది మొదలు కాస్త వెడల్పు. నింపింది కొన్నాళ్ళకి అణిగి, మళ్ళీ నింపాల్సి రావచ్చు. అందుకని ఆ తర్వాత కూడా స్కాన్లు తప్పవు. క్లిప్పయితే చాలామందికి అక్కడితో అయిపోతుంది. కాకపోతే తల తెరవాలి, కోలుకోడానికి వారాలు పడుతుంది. ఇంకోటి. దాన్ని లోపల పెట్టుకుని మేడం నిద్రపోగలరా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుందండి. అది నాకు స్కానులో కనపడదు."

తర్వాత అడిగాడు, "మీ ఇంట్లో ఎవరైనా తలనొప్పి అంటూ హఠాత్తుగా పోయారా మేడం? అమ్మగారు గాని, నాన్నగారు గాని?"

"లేరండి," అంది కృపారాణి.

ఆలోచించి చెప్పిన మాట కాదు. ప్రశ్న పూర్తయ్యేలోగా బయటికి వచ్చేసింది. డాక్టరు తలూపి రాసుకున్నాడు. ఆయన రాసుకుంటున్నప్పుడు ఆమెకు నుయ్యి గట్టు కనిపించింది. గట్టు మీద సగం పిండిన చీర, ఆ పక్కన రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్న అమ్మ. కృపారాణి అప్పటికి బీఎడ్ చదువుతోంది. కబురందుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. కాబట్టి ఆ దృశ్యం ఆమె చూసింది కాదు. ఎవరో చెప్పగా తయారు చేసుకున్నది. గుండె ఆగిందన్నారు. అందరూ అదే అన్నారు, అదే నిలిచిపోయింది. డాక్టరుకు లేరని చెప్పినప్పుడు తాను అబద్ధమాడిందా, లేక ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో అనుకునే మాటనే ఆయనకు అప్పజెప్పిందా? బల్ల మీదికి వంగి, ఆగండి, ఒకరున్నారు, అని అనవచ్చు. ఆ ఒక్క మాటతో నూటికి ఒకటి అన్న అంకె పెరుగుతుందని ఆమెకు తెలుసు. పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పే మనిషి, లెక్కలో ఇచ్చిన విలువల్లో ఒకదాన్ని దాచేసి జవాబు తక్కువ వస్తుందని ఎదురు చూస్తోంది.

పాఠంలో నాణెం ఎన్నిసార్లయినా ఎగరేయవచ్చు. తొందరేం లేదు. వెయ్యిసార్లు ఎగరేస్తే సగం సగం పడుతుందని బోర్డు మీద రాస్తుంది. ఒక్కసారే ఎగరేయాల్సి వస్తే ఆ పాఠం దేనికి పనికొస్తుందని ఇన్నేళ్ళలో ఏ పిల్లా అడగలేదు. తానూ అడగలేదు.

ఆసుపత్రి వరండాలోంచే శాంతికుమార్ తల్లికి ఫోను చేశాడు. "తొందరేం లేదన్నారమ్మా. ఆపరేషన్ లేకుండా కూడా ఉండొచ్చన్నారు. కంగారు పడకు, ఏం లేదమ్మా." అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అన్నీ కలిపితే మాత్రం అబద్ధమైంది.

ఆ ఆదివారం మందిరంలో, దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, సంపూర్ణమ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది. కోడలి తలలో ప్రాణాంతకమైనది కనిపించిందనీ, తాను ఉపవాసముండి ప్రార్థించాననీ, ఆపరేషన్ అక్కర్లేదని పెద్ద డాక్టరే చెప్పాడనీ, దేవుడు స్వస్థపరిచాడనీ చెప్పింది. మందిరమంతా హల్లెలూయా అంది. పాస్టరు అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న కృపారాణి చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది. అప్పుడే లేచి కాదని చెబితే సరిపోయేది. కానీ ఎనభై దాటబోతున్న మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరును చేయడం ఎలాగో ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత ప్రతి రోజూ, నిన్న చెప్పి ఉండాల్సింది, అన్నట్టే గడిచింది.

రోగిగా ఉండడం కష్టమని ఆమె వింది. స్వస్థత పొందిన మనిషిగా ఉండడంలో ఇంత అలుపు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సాయంత్రాలు ఇంటికి వచ్చేవారు. చేతులు పట్టుకునేవారు. ఒకావిడ తన మనవడి మూర్ఛకు ప్రార్థన చేయమని అడిగింది, నీ తల మీద దేవుడి చెయ్యి పడింది కదా తల్లీ, అంటూ. కృపారాణి ప్రార్థన చేసింది. లోపల మాత్రం తన తలనే వింటూ ఉంది. కింద పడ్డ చాక్‌పీసు కోసం వంగడం మానేసింది. క్లాసులో అరవడం మానేసింది. తుమ్ము వస్తే గోడ పట్టుకుంటోంది. రాత్రి పడుకుని, ఈ సన్నని పోటు మామూలుదా, అదేనా, అని తూకం వేస్తోంది. చూస్తూ ఉండడం అంటే ఏడాదికోసారి చూడడమని డాక్టరు ఉద్దేశం. ఆమె క్షణానికోసారి చూస్తోంది. అయితే భయం పైకి కనపడకూడదు. బాగైపోయిన మనిషికి భయపడే హక్కు లేదు.

శాంతికుమార్‌ను ఒకటి రెండుసార్లు అడిగింది.

"ఏవండీ, ఏం చేద్దాం?"

"నీ తల, నీ ఇష్టం కృపా. నువ్వేదంటే అదే."

"మీ తలైతే?"

అతను నిజంగానే ఆలోచించాడు. "నాదైతే అసలా స్కానే తీయించుకోను." కాసేపటికి, "చేయించుకుంటానంటే మాత్రం ఆ కాల్లోంచి పంపేదే నయమేమో. తల తెరవడమంటే వినడానికే ఎలాగో ఉంది," అన్నాడు.

ఆమెకు కోపం రావలసింది. అతను పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు, వింటే అందరూ మెచ్చుకుంటారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఒకరు దేవుడికి అప్పజెప్పారు, ఒకరు తనకు అప్పజెప్పారు. తాను ఇంకెవరికీ అప్పజెప్పలేదు. అతను టీవీ సౌండు తగ్గించి ఆమె జవాబు కోసం చూశాడు. ఆమె లేచి మాత్ర వేసుకుంది.

క్వయరు పాట ముగిసింది. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచి, "ఇవాళ భలే కుదిరింది కదండి," అంది. కృపారాణి తలూపింది.

*

భోజనాలు మందిరం వెనక షామియానా కింద. సంపూర్ణమ్మకు ప్లాస్టిక్ కుర్చీలో చోటు చూసి, విస్తరాకు ఆమె ఒళ్ళోకి అందించి, కృపారాణి పక్కన కూర్చుంది. అత్తగారు కోడికూరలో ఎముకను శ్రద్ధగా పక్కకు తీస్తోంది.

"తిన్నావా?"

"తిన్నానండి."

"ఏం తిన్నావు. వేసింది వేసినట్టే ఉంది. బాగైన మనిషివి, బాగైనట్టు తినాలి."

"అత్తయ్యగారూ," అంది కృపారాణి. ఇప్పుడే అనాలని ముందుగా అనుకోలేదు. "అది పోలేదండి. అలాగే ఉంది."

సంపూర్ణమ్మ ఇంకో ఎముక తీసింది. "తెలుసే."

"తెలుసా?"

"మావాడు ఏదైనా దాస్తే ఆఖర్న 'ఏం లేదమ్మా' అంటాడు. మార్కులు పోయినప్పుడూ అంతే, సైకిలు పోయినప్పుడూ అంతే. ఉద్యోగం చేసి రిటైరవబోతున్నాడు, ఇంకో మాట నేర్చుకోలేదు."

"మరి లేచి నిలబడి అలా ఎందుకు చెప్పారండి?"

"ముందే కృతజ్ఞత చెప్పేశాననుకో, ఇక అది దేవుడి పరువు. అంతమందిలో నా మాట పోనిస్తాడా?" అంటూ ఆమె చారు అడిగింది. వడ్డించే మనిషి వచ్చి వెళ్ళేదాకా ఆగింది. "అందరం అలాగే చేస్తాం. నువ్వే ఎప్పుడూ లెక్కలు వేస్తా ఉంటావు."

"అంతేనాండి?"

సంపూర్ణమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకోలేదు. కలుపుతూనే ఉంది.

"మీ అమ్మ రత్నమాణిక్యం నుయ్యి దగ్గర కూలబడ్డప్పుడు రెక్క పట్టుకుని లేపింది నేను," అంది. "మీరప్పటికి మాకేం చుట్టాలు కాదు. ఒక మందిరం వాళ్ళం. తలే, తలే అంది. ఇంకో మాట లేదు. గుండె అని తర్వాత ఎవరన్నారో నాకు తెలీదు. గుండైతే గుండె పట్టుకుంటారు గాని, తల పట్టుకుంటారేంటి?"

షామియానా బయట పిల్లలు కోళ్ళను చూస్తూ అరుస్తున్నారు.

"డాక్టరుగారు అడిగారండి. ఎవరూ లేరని చెప్పాను."

"మంచి పని చేశావు. చెబితే కోసేస్తానంటారు."

"చెప్పకపోతే అమ్మలాగే పోతానేమోనండి."

"కోస్తే మటుకు ఎవరు తిరిగొస్తారో ఎవరికి తెలుసే. మనిషి వస్తుంది, లోపల మనిషి వస్తుందా? నన్ను ఎవరో అనుకుంటే?" సంపూర్ణమ్మ గొంతు పెద్దది కాలేదు. చారన్నం ముద్ద చేతిలోనే ఉంది. "అందుకే చెప్పానే సాక్ష్యం. అంతమందిలో బాగైపోయిందన్నాక ఇంక ఏ మొహంతో ఆసుపత్రికి వెళ్తావులే అనుకున్నా. నాకు స్నానం ఎవరు చేయిస్తారు? వాడా? వాడికి తన తువ్వాలే దొరకదు."

కృపారాణికి నవ్వొచ్చింది, లేదా నవ్వులాంటిది ఏదో వచ్చింది. ఇన్ని వారాల్లో తనతో ఎవరైనా ఏ మెరుగూ పెట్టకుండా చెప్పిన మొదటి మాట అదేననిపించింది. ఈ ముసలావిడ భయపడుతోంది. కోడలు పోతుందేమోనన్న భయం ఎక్కడ ఆగి, తనకు స్నానం ఉండదేమోనన్న భయం ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా ఆమెకు లేదు. తనకూ అంతే కదా. ఆ రోజు లేరండి అన్నది అమ్మను కాపాడుకోవడానికా, తన తలను కాపాడుకోవడానికా? ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకే నుయ్యి గట్టు. ఒకరు దాని గురించి మాట్లాడకుండా ఊరుకున్నారు. ఒకరు దాన్ని కప్పేస్తూ సాక్ష్యం చెప్పారు. పని మాత్రం ఒకటే జరిగింది.

ఏళ్ళ తరబడి స్కాను తీయించుకుంటూ, ప్రతి స్కానుకూ ముందు వారం చచ్చి, తర్వాత వారం లేవడం. తీగ నింపినా మళ్ళీ అదే కాపలా. ఆమె తూచింది రిస్కునని ఇన్నాళ్ళూ అనుకుంది. కాదు, అలుపుని. రిస్కు దేంట్లో తక్కువో డాక్టరు కూడా తేల్చలేకపోయాడు. కాపలా దేంట్లో తక్కువో మాత్రం ఆయన చెప్పిన రోజే ఆమెకు తెలుసు. అందరికీ వినడానికే ఎలాగో ఉన్న ఆ మూడోదాన్లో. ఇది సరైన కారణమేనా? బోర్డు మీద ఇలా రాస్తే సున్నా మార్కులు వేస్తుంది. అయినా జవాబు అదే వస్తోంది. అమ్మ సంగతి కలిపితే ఇంకా గట్టిగా అదే వస్తోంది.

"తినండి, చల్లారిపోతోంది," అంది అత్తగారితో. "రేపు రాజమండ్రి వెళ్ళి అమ్మ సంగతి డాక్టరుగారికి చెప్తానండి."

సంపూర్ణమ్మ ఆమె వైపు చూడలేదు. "నేనేం వద్దన్నానా ఇప్పుడు," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

*

వేలంపాట ఎప్పుడూ సంఘపెద్ద ముసలయ్యదే. పంచె ఎగ్గట్టి, మైకు పెదాలకు ఆనించి ఒక సొరకాయను ఎత్తి చూపిస్తున్నాడు.

"ఇది సొరకాయ కాదు, పసిబిడ్డ. ఎత్తుకుని చూడండి. సురేష్‌బాబూ, రోజుకి ఇన్ని లారీల మొక్కలు ఎక్కిస్తావు, సొరకాయ దగ్గరకొచ్చేసరికి నోరు పడిపోయిందేంటయ్యా?"

"నాకు పడదండీ, చలవ చేస్తుంది," అన్నాడు నర్సరీ సురేష్‌బాబు.

"నిన్ను తినమన్నామా? పాడమన్నాం. పాడుకుని మళ్ళీ మందిరానికే ఇచ్చెయ్. సాయంత్రందాకా దీన్నే అమ్ముతా."

అందరూ నవ్వారు. అక్కడ అలవాటే అది. పాడుకున్నవాళ్ళు వస్తువును తిరిగి మందిరానికి ఇచ్చేస్తారు, అదే కోడి, అదే కాయ మళ్ళీ పాటకు వస్తుంది. సురేష్‌బాబు సొరకాయ పాడుకుని తిరిగి ఇచ్చేశాడు. శాంతికుమార్ ఎవరితోనో మాట్లాడుతూ షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కృపారాణి మహిళల వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఎండ కాళ్ళ మీద పడుతోంది. కాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోలేదు. రేపు రాజమండ్రి వెళ్ళాలంటే సెలవు చీటీ రాయాలి. తల సగం గీసేస్తారేమో. ఆ సగం గుండుతో క్లాసులోకి ఎలా వెళ్ళడం అని ఆలోచిస్తుంటే, తిరిగి క్లాసులోకి వెళ్ళడం గురించి ఆలోచిస్తున్నానన్న సంగతి ఆమెకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

ఇద్దరు మనుషులు గెలను మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు అసలైంది," అన్నాడు ముసలయ్య. గొంతులో వేళాకోళం పోయి భక్తి వచ్చింది. "ఇది సంపూర్ణమ్మగారి చక్రకేళి గెల. మన కృపారాణి టీచరుగారి తలలోంచి దేవుడు తీసేసిన జబ్బుకు కృతజ్ఞతగా, స్వస్థత నిమిత్తం ఇస్తున్నారు. దీన్ని మామూలు గెలలా పాడకండి. ఒక్కో పండూ ఒక్కో ఇంటికి ఆశీర్వాదం. మీ ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళకి తీసుకెళ్ళి పెట్టండి. ఎవరు మొదలెడతారు?"

మూడు నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. మనవడి మూర్ఛకు ప్రార్థన అడిగిన ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి ఎత్తి, మిగతావాళ్ళకంటే పెద్దగా పాడుతోంది. ఆవిడ మొహం చూశాక కృపారాణికి ఇంక కూర్చోవడం కుదరలేదు.

కుర్చీల మధ్యనుంచి నడిచింది. సంపూర్ణమ్మ చూస్తోందని వీపుకు తెలుసు, వెనక్కి తిరగలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, ముసలయ్య చెవి దగ్గరగా అంది.

"స్వస్థత అనకండి ముసలయ్యగారూ. అది ఇంకా నా తలలోనే ఉంది. తల తెరిచే ఆపరేషన్‌కి వెళ్తున్నాను. దానికోసం ప్రార్థన చేయమని చెప్పి పాడించండి."

ముసలయ్య మైకును అరచేత్తో మూశాడు. "అదేంటమ్మా. అత్తయ్యగారు సాక్ష్యం చెప్పారు కదా."

"చెప్పారండి."

"మరి నేనిప్పుడు ఏమని చెప్పను?"

పాట ఆగింది. అందరూ వాళ్ళిద్దరి వైపే చూస్తున్నారు. చెయ్యెత్తిన ఆవిడ చెయ్యి దించలేదు. ముసలయ్య ఒకసారి గెలను చూశాడు, ఒకసారి అయ్యగారి కోసం చూశాడు. అయ్యగారు ఎక్కడా కనిపించలేదు. మూసిన అరచేతి కింద మైకు చిన్నగా గీపెట్టింది.

కృపారాణి అతని వేళ్ళ మధ్యనుంచి మైకు తీసుకుంది.